ఉత్తరములలోని అర్థశాస్త్రము

పల్నాటివారికి చరిత్ర యనగానే కత్తుల చప్పుడు వినవచ్చును. కారెంపూడి, గురజాల, మాచెర్ల యను పేర్లు చెవిని బడినంతనే బ్రహ్మనాయుడును, నాగమ్మయు, బాలచంద్రుడును కన్నుల యెదుట నిలుతురు. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి కోడిపందెమున నెవరు గెలిచిరో, ఎవరు ఓడి యడవులు పట్టిరో మా మాచవరమున బడిమెట్టెక్కని ముసలివారు సైతము తడుముకొనక చెప్పుదురు. కాని తన ముత్తాత కాలమున జొన్నలు పుట్టి యెంతకు విక్రయమయ్యెనో, ఆ ముత్తాత చేసిన యప్పునకు నెలకు నూటికి వడ్డీ యెంతయో, ఇంటి యాడవారి మెడలోని బంగారము ఏ యేట కుదువకు బోయి యే యేట మరలి వచ్చెనో చెప్పుమన్నచో చదువుకొన్నవారును నోరు విప్పరు. మొదటి చరిత్ర పాటగా మిగిలినది. రెండవది కాగితములపై మిగులవలసినది. ఆ కాగితములను మనము సరకుగా జూడలేదు.

ఈ రెండవ చరిత్రను సేకరించుటకు మన విశ్వవిద్యాలయములు పూనుకొని నూరేండ్లు దాటినది. వారు వ్రాసిన గ్రంథములు కొన్ని గ్రంథాలయములలో దొరకును. మేమిచట ప్రస్తావింపదలచినది ఆ గ్రంథములను గాదు. వానికి వెనుక నడచిన యుత్తర ప్రత్యుత్తరములను. అర్థశాస్త్రము నేర్పు స్థలమునుండి గ్రామమునకు ప్రశ్న బయలుదేరుట, గ్రామమునుండి జవాబు తిరిగి వచ్చుట, జవాబు తెలియక మరల ప్రశ్న పోవుట – ఈ రాకపోకలు కట్టలు కట్టబడి యుండును. ఇవి యెవరికి గావలెను, ఎన్నాళ్లుంచవలెను అన్న ప్రశ్న పండితులకే చెందినదని పలువురు తలంతురు. అది గృహస్థులకును జెందినదే యని మా యభిప్రాయము.

1915లో మదరాసు విశ్వవిద్యాలయము గిల్బర్టు స్లేటరు అను నాంగ్లేయుని భారతీయార్థశాస్త్రమునకు మొదటి యాచార్యునిగా నియమించెను. అంతకు ముందు ఆయన ఆక్స్‌ఫర్డులోని రస్కిన్ కళాశాలకు ప్రధానాధ్యక్షుడు. ఆ కళాశాల ధనికుల బిడ్డలకు గాక కార్మికులకు చదువు చెప్పుటకై యేర్పడినది. గనులలోను, మిల్లులలోను పనిచేసి వచ్చిన వయోజనులకు పాఠము చెప్పి యలవాటు పడినవాడు గావున, పుస్తకమునకును బ్రతుకునకును నడుమ నున్న దూరము ఆయనకు గ్రొత్త గాదు. నాటి మన కళాశాలలలో అర్థశాస్త్రమన్నచో మిల్లు, మార్షలు మున్నగువారి గ్రంథములే. లంకాషైరు నూలుమిల్లుల కూలిరేట్లు వల్లింపగల విద్యార్థి తన తండ్రి పొలములో కలుపు తీయు స్త్రీకి దినమునకు ఎన్ని మానికల గింజలు కొలుతురో యెరుగడు. ఎరిగినను అది శాస్త్రమని యెరుగడు. ఇది యా విద్యార్థి దోషము గాదు. పరీక్షలో అడుగనిది విద్య గాదను నమ్మకము మన దేశమున మిక్కిలి పాతది, నేటికిని పోలేదు.

స్లేటరుగారు చేసిన పని చూచుటకు చిన్నది. ఒక ప్రశ్నపత్రమును సిద్ధముచేసి విద్యార్థుల చేతికిచ్చి, సెలవులలో మీ మీ గ్రామములకు బోయి జవాబులు వ్రాసికొని రండని చెప్పిరి. భూములెన్ని, వాని హక్కులెవరివి, పంటలేవి, పశువులెన్ని, చేతిపనులేవి, అప్పులెంత, కూలి యెంత – ఇట్టివి యా ప్రశ్నలు. అట్లు వచ్చిన వృత్తాంతములను గూర్చి 1918లో ‘కొన్ని దక్షిణభారత గ్రామములు’ అను నర్థము వచ్చు పేరితో ఇంగ్లీషున నొక గ్రంథము వెలువడెను. ఏటేట సెలవులకు ఇంటికి బోయి, తల్లి వండి పెట్టిన పిండివంటలు తిని, తిరిగి వచ్చు కుర్రవాడు ఆ యేడు చేతిలో కాగితము పట్టుకొని తన యూరిలోనే పరదేశివలె ఇంటింటికి దిరిగెను. తన కులమువారి వీధి దాటి మాలపల్లె, మాదిగపల్లెల గడపలకు బోయి, “మీరేమి తిందురు, మీ కెంత యప్పున్నది?” యని అడుగవలసి వచ్చెను. సంఘసంస్కారమును గూర్చి నూరు ఉపన్యాసములు చేయలేని పనిని ఒక ప్రశ్నపత్రము చేసినదని మేమనుకొనుట అతిశయోక్తి గాదు.

ఉత్తరములతో దేశమును దెలిసికొనుట స్లేటరుతో నారంభము కాలేదు. స్కాట్లండు దేశమున సర్ జాన్ సింక్లెయిరు అను నతడు 18వ శతాబ్దపు చివర అక్కడి 938 గ్రామమండలములలోని మతాచార్యులకు 160 ప్రశ్నలు గల పత్రమును టపాలో బంపెను. జవాబు రానిచోటికి మరల వ్రాసెను. మరల రాకున్న మరల వ్రాసెను. 1791 మొదలు 1799 వరకు ఆ జవాబులు 21 సంపుటములుగా అచ్చుపడెను. మన దేశమున కర్నల్ మెకంజీ యొద్ద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును, వారి తోడివారును ఊరూర దిరిగి కైఫీయతులు వ్రాయించిరి. పల్నాటి గ్రామముల కైఫీయతులును అందు గలవు. కాని కైఫీయతు చెప్పించినవారు కరణములు, దేవాలయాధికారులు, పెద్దలు. గుడికి ఏ రాజు ఎన్ని కుచ్చళ్ల మాన్యమిచ్చెనో యందు దెలియును. ఆ మాన్యమును దున్నినవాని యింట సాయంకాలము పొయ్యి వెలిగెనో లేదో తెలియదు. స్లేటరు ప్రశ్నపత్రము ఆ రెండవ యింటి గడప తొక్కినది. అదే యుగమున పూనాలో హెరాల్డు మాన్ అను నతడు దక్కనులోని యొక గ్రామమును శోధించి 1917లో గ్రంథము ప్రకటించెను. కావున ఆ గాలి అంతటను వీచుచుండెననవచ్చును.

అచ్చుపుస్తకమునకును ఉత్తరమునకును గల భేదమును గొంచెము విశదీకరింపవలెను. పుస్తకము చాకలి ఉతికి ఇస్త్రీచేసి తెచ్చిన ధోవతి వంటిది. ధరించుటకు బాగుండును. కాని మరక యెచట బడెనో, అది పోవుటకు ఎంత రుద్దవలసి వచ్చెనో అందు గానరాదు. “ఈ గ్రామమున సగటున కుటుంబమునకు ఇంత అప్పు” అని పుస్తకము చెప్పును. ఆ వాక్యమునకు వెనుక, అప్పు చెప్పుటకు సిగ్గుపడి తగ్గించి చెప్పిన పెద్దరైతు ఉన్నాడు. ప్రభుత్వము మాఫీ చేయునేమో యని హెచ్చించి చెప్పిన చిన్నరైతు ఉన్నాడు. పన్ను వేయుటకు వచ్చిన దొరతనమువాడని తలుపు వేసికొన్న ముసలమ్మ ఉన్నది. వీరందరును విద్యార్థి తన యాచార్యునకు వ్రాసిన జాబులలో నుండుటకు వీలుగలదు; సగటులో నుండుటకు వీలులేదు.

ఒక్కమాట విలువ యెంతయో తెలియుటకు మన జిల్లా చరిత్రమే చాలును. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, నాటి గుంటూరు జిల్లాలో వచ్చిన కరువును నేటికిని పెద్దలు డొక్కల కరువని స్మరింతురు. సుమారు ఐదు లక్షల జనముగల జిల్లాలో ఒకటిన్నర లక్ష మొదలు రెండు లక్షల వరకు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ఆ సమయమున ఇచట నుద్యోగియై యుండిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, మన నిఘంటుకర్తయే, తాను చూచినదానిని చూచినట్లు కరువని యుత్తరములో వ్రాసెను. పైయధికారులకు ఆ మాట రుచింపలేదు. ‘కొరత’ యనవచ్చును గాని ‘కరువు’ అనరాదట! ఆ మాట వాడినందుకు ఆయనకు మందలింపు దక్కినది. మార్గములందు శవములు పడియుండగా ఏ పదము వాడవలెనను దానిపై అధికారులు వాదించుకొనిరన్నమాట. కరువన్నచో ప్రభుత్వము గింజలు తేవలెను, శిస్తు తగ్గింపవలెను. కొరత యన్నచో దేవుని దయకొరకు ఎదురు చూడవచ్చును. అర్థశాస్త్రమున పదము వట్టి పదము గాదు. దాని వెనుక బొక్కసము తలుపు ఉన్నది.

ఆ ఉత్తరములు మిగిలినవి గావుననే యీ సంగతి మనకు దెలియుచున్నది. తరువాత 1845–46లో వాల్టరు ఇలియటు గుంటూరు వ్యవహారములను విచారింప వచ్చి, జిల్లా కచ్చేరీలోని లోపాయకారీ వ్యవహారములను పైకి దీసెను. అదే సమయమున ఆయన అమరావతి స్తూపమును త్రవ్వించి శిలలను మదరాసునకు బంపెను. ఆ శిలలు పిమ్మట లండనులోని బ్రిటిషు మ్యూజియము చేరినవి. ఉత్తరములు మదరాసు రికార్డాఫీసున నిలిచినవి. శిలలు పోయెనని మనము నేటికిని వగచుచుందుము. ఆ యుత్తరములను దిరగవేసి 1788 మొదలు 1848 వరకు గుంటూరు జిల్లా చరిత్రను ఫ్రైకెన్‌బర్గు అను నమెరికను పండితుడు 1965లో ప్రకటించెను. మన జిల్లావాడు అంతకు ముందు ఆ కట్టలను విప్పకుండుట విచారకరమే. కాని కట్టలు ఉన్నందున విప్పుట సాధ్యమయ్యెను. తగులబెట్టి యున్నచో ఏ దేశపు పండితుడును ఏమియు చేయజాలడు.

ఇక పల్నాటికి మరింత దగ్గరి విషయము. స్లేటరుగారు మన దేశమునకు రాకమునుపే, 1907లో, ఇంగ్లండు రైతులను గూర్చియు, అక్కడి ఉమ్మడి పొలములకు కంచెలు వేయబడుటను గూర్చియు నొక గ్రంథము వ్రాసియుండిరి. తరతరములుగా ఊరందరి గొడ్లు మేసిన బీళ్లు ఒక్కొక్క చట్టముతో ఒక్కొక్క భూస్వామి పాలబడుట, ఆవును మేపుకొని బ్రతుకు పేదవాడు ఆవు నమ్ముకొని కూలివాడగుట అందలి కథ. అట్టి గ్రంథకర్త మదరాసున పాఠములు చెప్పుచుండగా, పల్నాటియందు అదే కథ మరియొక రూపమున నడచుచుండెను. 1882 నాటి మదరాసు అడవిచట్టముతో అడవులు సర్కారువారి రక్షితారణ్యములయ్యెను. పశువు నడవికి దోలిన పుల్లరి కట్టవలెను. కట్టకున్న పశువు బందెలదొడ్డికి బోవును. నల్లమల యంచున నున్న యీ సీమ నాడు వర్షాధారపు మెట్టసీమ. కాలువలు లేవు. పంట ఒక యేడు వచ్చి రెండేండ్లు రాకుండెను. అట్టిచోట గొడ్డే రైతునకు బ్యాంకు. దానిపై పన్నన్నచో మిగిలిన యొక్క యాధారముపై పన్ను.

1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టమనిరి. అటవీ, రెవిన్యూ యుద్యోగులకు చాకలి, మంగలి పనులు నిలిచెను. ఉప్పు పప్పులు పుట్టలేదు. గుంటూరునుండి ఉన్నవ లక్ష్మీనారాయణగారు వచ్చి స్థితిగతులు విచారించి, తత్ఫలముగా చెరసాల పాలైరి. రాయవేలూరు జైలులో వారు ‘మాలపల్లి’ వ్రాసిన సంగతి మన పాఠకు లెరుగుదురు. 1922 ఫిబ్రవరిలో దుర్గి ప్రాంతపు మించాలపాటియందు కన్నెగంటి హనుమంతు పోలీసుల తుపాకిగుండ్లకు గూలెను. ఈ వృత్తాంతమునకు సంబంధించిన జాబులు – కలెక్టరునుండి బోర్డునకు, పోలీసునుండి ప్రభుత్వమునకు – దొరతనమువారి కట్టలలో జేరినవి. వానిలో పల్నాటి రైతు నేరస్థుడుగను, మూకగను, ‘అశాంతి’గను గనబడును. ఒక యింటికి ఎన్ని గొడ్లుండెను, పుల్లరి ఆ యింటి యేటి యాదాయమున ఎన్నవ వంతు, పుల్లరి కట్టుటకు ఎవరి యొద్ద ఎంత వడ్డీకి దెచ్చిరి అను ప్రశ్నలు పోలీసు ప్రశ్నలు గావు. అవి అర్థశాస్త్రజ్ఞుని ప్రశ్నలు. స్లేటరుగారు 1921 వరకు మదరాసున ఆచార్యులుగా నుండిరి. ఇంగ్లండు బీళ్ల చరిత్రకారునకును పల్నాటి బీళ్ల రైతునకును నడుమ ఒక్క జాబు నడచియున్నచో ఎట్లుండెడిదో యని మా కనేక పర్యాయములు తోచుచుండును. ఉభయుల నడుమ నున్నది మూడు వందల మైళ్లు దూరమే.

స్లేటరు విద్యార్థులు చూచిన గ్రామములను 1936–37లో అదే విశ్వవిద్యాలయమువారు – పి. జె. థామసు, కె. సి. రామకృష్ణన్ గార్ల యాధ్వర్యమున – మరల చూచిరి. ఆ గ్రంథము 1940లో వచ్చెను. 1961లో మార్గరెట్ హాస్వెల్ అను నామె మరియొక మారు చూచెను. 1980లలో మదరాసు నగరములోని అభివృద్ధి అధ్యయన సంస్థవారును బోయిరి. తమిళదేశములోని ఇరువేల్పట్టు, దూసి, పాలకురిచ్చి, గంగైకొండాన్, వడమలైపురము అను ఐదూళ్లు ఇట్లు మాటిమాటికి చూడబడి, ప్రపంచమున అర్థశాస్త్రము చదువు వారికి సుపరిచితములయ్యెను. వాని తాతకు ఎన్నెకరములు, తండ్రికి ఎన్ని, వానికి ఎన్ని యను వరుస ఆ యూళ్లవారికి దొరకును. మొదట ప్రశ్న వేసినవాడు కాగితము దాచినందుననే రెండవవాడు అదే ప్రశ్న వేయగలిగెను. ఆ యైదింటిలో పల్నాటి యూరు ఒక్కటియు లేదు.

ఋణముల సంగతిని బట్టి చూచినను ఇంతియే. మదరాసు రాజధానిలో రైతుల ఋణము 45 కోట్ల రూపాయలని 1895లో నికల్సను అంచనా వేసెను. 1930లో బ్యాంకింగు విచారణ సంఘమువారు 150 కోట్లనిరి. 1935లో సత్యనాథన్ గారు 200 కోట్లనిరి. బి. వి. నారాయణస్వామి నాయుడుగారి లెక్కలో 1939లో 272 కోట్లుగా నున్న ఋణము 1945 నాటికి 218 కోట్లకు దిగెను. యుద్ధకాలమున ధాన్యపు ధరలు పెరిగినవి గదా, రైతు ఋణవిముక్తుడయ్యెనని పత్రికలవారు సంతోషింపవచ్చును. కాని అదే నివేదిక లోతునకు దిగి చెప్పినది వేరు: పెద్దరైతుల ఋణము తగ్గినది, భూమిలేని కూలివాని తలసరి ఋణము పెరిగినది. అమ్ముటకు గింజలున్నవానికి ధర పెరుగుట వరము. కొని తినువానికి అదే శాపము. మొత్తము మాత్రము చూచిన కన్నులకు ఈ రెండవవాడు గనబడడు. ప్రతి కోట్ల యంకె లోపల ఇట్టి మనుష్యుడొకడు దాగియుండును. వానిని బయటికి దీయుటకు అంకె వచ్చిన త్రోవను వెనుకకు నడువవలెను. ఆ త్రోవయే యుత్తరములు.

ఇచట మా సోదరీమణులకు సంబంధించిన మాట యొకటి చెప్పక తప్పదు. నాటి సర్వేలు చేసినవారు యువకులు. జవాబు చెప్పినవారు ఇంటి యజమానులు. బియ్యపు కుండలో ఎన్ని దినములకు సరిపడు గింజలున్నవో యజమానునికి దెలియునా? ఆ లెక్క వంటింటిలో నుండును. చల్ల అమ్మిన డబ్బులు, కోడిగ్రుడ్లు అమ్మిన డబ్బులు, పొరుగింటి యిల్లాలికిచ్చిన చేబదులు, పండుగనాడు కుట్టించుకొనని రవిక – ఇవి ఏ పట్టికలోను లేవు. కరువు వచ్చినపుడు ముందుగా నెవరు పస్తుందురను ప్రశ్నను ఆ యింటి యజమాని నడిగిన “అందరము కలసియే తింటిమి” అనును. ఆ మాట నిజమని యతడు నమ్మును గూడ. స్త్రీలు స్త్రీలను ప్రశ్నించుట, ఆ జవాబులను స్త్రీలే వ్రాయుట మన దేశమున చాల యాలస్యముగా మొదలయ్యెను. మన యాడపిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పునపుడు ఇంటి ఖర్చులపుస్తకము వ్రాయించు తల్లులు, తామెరుగకయే, విశ్వవిద్యాలయమువారు వదలిన గడిని నింపుచున్నారు.

మన యాంధ్రదేశపు విశ్వవిద్యాలయమును జూతము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు స్థాపితమై, తరువాత వాల్తేరునకు దరలెను. 1931లో అచట కళాశాల తెరువబడినపుడు మొదటినుండియు బోధింపబడిన విషయములలో అర్థశాస్త్రమొకటి. 1942 ఏప్రిలులో విశాఖపట్టణముపై జపానువారి బాంబులు బడినపిమ్మట విశ్వవిద్యాలయము గుంటూరునకు వచ్చెను. యుద్ధము ముగిసినపిమ్మట మరలిపోయెను. మరల 1967లో గుంటూరున దాని స్నాతకోత్తర కేంద్రము వెలసి, 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయమయ్యెను. ఇల్లు మారిన ప్రతిసారియు ఏవి మొదట బండి యెక్కునో, ఏవి “తరువాత పంపుద”మని వెనుక నుండిపోవునో సంసారులకు జెప్పవలెనా? గాజుగొట్టములు, బల్లలు, పుస్తకములు మొదట పోవును. పాత జాబుల కట్టలు చివర పోవును.

విశ్వవిద్యాలయపు గోడల వెలుపల గూడ అర్థశాస్త్రము నేర్పు స్థలములు మన జిల్లాలో నుండెను. నిడుబ్రోలు వాస్తవ్యులైన ఎన్. జి. రంగాగారు ఆక్స్‌ఫర్డున జదివి, 1926లో భారత గ్రామముల యార్థిక వ్యవస్థను గూర్చి డెల్టా గ్రామముల ఆధారముగా గ్రంథము ప్రకటించి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులుగా నుండి, 1930లలో తమ స్వగ్రామమునందే రైతులకు ఆర్థిక, రాజకీయ విషయములు బోధించు విద్యాలయమును నడిపిరి. అచటికి వచ్చినవారు డిగ్రీల కొరకు వచ్చినవారు గారు. శిస్తు ఎట్లు కట్టబడునో, వడ్డీ యెట్లు పెరుగునో, జమీందారు రశీదులో నేమి వ్రాయబడునో చదివి తెలిసికొనుటకు వచ్చినవారు. పల్లెటూరి రైతు మొదటిసారి తన చేతులతో వ్రాసిన మహజరు ఏ పరిశోధన గ్రంథమునకును దీసిపోవునది గాదు.

ఇప్పుడు కట్టల సంగతి. మన జిల్లా కార్యాలయములలో చాలకాలముగా నొక పద్ధతి గలదు. ఒక ఫైలు పని ముగిసిన తరువాత దానిపై నొక గుర్తు వేయుదురు. ‘ఆర్. డిస్.’ అన్న శాశ్వతముగా నుంచదగినది. ‘డి. డిస్.’ అన్న పదియేండ్లకు నాశనము చేయదగినది. ‘ఎల్. డిస్.’ అన్న యేడాదికే పోదగినది. పద్ధతి మంచిదే, లేనిచో గదులు చాలవు. కాని ఆ గుర్తు వేయునది యెవరు? బల్లవద్ద కూర్చున్న గుమాస్తా. ఏ గుర్తు వేయవలెనో యెట్లు నిర్ణయించును? భూమి హక్కు, జీతము, పింఛను, కోర్టు తగవు – వీనికి సంబంధించినది శాశ్వతము. ఒక విద్యార్థి, “అయ్యా, మా యూరి మాదిగవాడలో ఏడిండ్లవారు అప్పు లేదనిరి, అడిగి చూడగా వారి కెవరును అప్పియ్యరని తెలిసినది, దీనిని ఏ గడిలో వ్రాయవలెను?” అని వ్రాసినాడనుకొందము. దానికి ఏ గుర్తు పడును? అందు హక్కులేదు, జీతము లేదు, కోర్టు లేదు. ఏడాదికి పోవును. ‘అప్పు లేదు’ అను గడిలో ఆ యేడిండ్లు చేరును. చదివిన వారు ఆ వాడ సుఖముగా నున్నదనుకొందురు. ఆ యొక్క జాబు మిగిలియున్న, పట్టిక యంతయు తలక్రిందులగును.

నేటి కాలమున పరిస్థితి మెరుగయ్యెనని తలంపరాదు. ప్రశ్నలు సెల్‌ఫోనులో బోవుచున్నవి. జవాబులు ఈ-మెయిలులో వచ్చుచున్నవి. ఆచార్యుడు పదవీవిరమణ చేసిన కొలది కాలమునకు ఆ పెట్టె మూయబడును. చెదపురుగు కాగితమును దిన్నప్పుడు తునకలైన మిగులును. ఇది తునక గూడ మిగులని నాశము.

మా మండలమును జూచిన మాకిది దూరపు మాట గాదు. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. మరుసటి యేడు మండలము లేర్పడెను. వంశపారంపర్యపు పెత్తనము పోవుట న్యాయమే, దానిని గూర్చి మాకు విచారము లేదు. కాని కరణముల యిండ్లలో తరతరములుగా నుండిన దఫ్తరములలో సర్కారునకు గావలసినవి మాత్రము కచ్చేరీ జేరినవి. తక్కినవి అటకల నెక్కినవి, పొయ్యిల పాలైనవి, శెనగలు పొట్లము కట్టుటకు బోయినవి. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలబడి పల్నాటి మెట్టసీమ బ్రతుకు మారెను. జొన్న పోయి వరి, పత్తి, మిరప వచ్చినవి. గొడ్డు బ్యాంకుగా నుండిన కాలము పోయి, పురుగుమందుల అంగడివాని యరువుఖాతా వచ్చెను. ఈ మార్పు కాలమున ఒక్క కుటుంబము ఆదాయవ్యయములను ఇరువదియేండ్లు వరుసగా వ్రాసి దాచియున్నచో, దానికి సాటివచ్చు చరిత్ర గ్రంథము వేరొకటి యుండదు.

పిమ్మట పులిచింతల వచ్చెను. 2013లో ఆనకట్ట ప్రారంభమైనది. మా మండలపు కృష్ణయొడ్డు గ్రామములలో కొన్ని జలాశయమునకు బోయినవి. వారికి నష్టపరిహారము నిర్ణయించిన కాగితములు శాశ్వతముగా నుంచబడును. భూమి, ఇల్లు, చెట్టు – ప్రతిదానికి నంబరు, ప్రతిదానికి వెల గలదు. మరి ఊరి యుమ్మడి బీటికి, రేవున కట్టుకొను పడవకు, పొరుగింటినుండి వచ్చు నిప్పునకు, వేసవిలో నదిలంకలలో వేసిన దోసపాదునకు, పెండ్లికి ఊరందరు గలసి యిచ్చిన చదివింపులకు ఏ గడి గలదు? ఒక్కొక్క యింటికిని ఇట్టి రాబడి యెంత యుండెనో, పునరావాసపు కాలనీలో అది యెంతకు దిగెనో చెప్పగలవారు ఇంకను బ్రతికియున్నారు. వారిలో డెబ్బదియేండ్లు దాటినవారే హెచ్చు.

మా బడిలో పదవ తరగతి పిల్లలకు ఈ సంవత్సరము సెలవులలో ఒక పని యిచ్చితిమి. ఇంటిలో పదియేండ్లకు మించిన ఏ కాగితమున్నను దాని నకలు వ్రాసి, అది ఎవరిచేత, ఎందుకు వ్రాయబడినదో పెద్దల నడిగి క్రింద రెండు వాక్యములు చేర్చుమంటిమి. పత్తి కాటాచీటీలు, బ్యాంకు తాఖీదులు, గుంటూరు మిరపకాయల యార్డులోని దళారి పట్టీలు, హైదరాబాదునకు గూలికి బోయిన యన్న వ్రాసిన కార్డు – ఇట్టివి వచ్చినవి. పరీక్షకు పనికిరాదని కొందరు తండ్రులు విసుగుకొనిరి. ఒక బాలిక తన యవ్వ దాచిన యొక చిన్న పుస్తకమును దెచ్చినది. అందు ఒక ప్రక్క పాలు పోసిన యిండ్ల పేర్లు, మరియొక ప్రక్క నిలువు గీతలు. అవ్వకు చదువు రాదు. ఇంటి పేర్లు కుమారునిచేత వ్రాయించి, గీతలు తాను గీచినది. గీత యొక్కటికి అరసేరు. ఏ నెలలో గీతలు లేవో యా నెలలో గేదె వట్టిపోయినదని బాలిక క్రింద వ్రాసినది. నడుమ రెండు పుటలలో గీతలు బొత్తిగా లేవు. “ఎందుకు?” అని మేమడుగగా, ఆ యేడు గేదెను అప్పుక్రింద దోలుకొని పోయిరని అవ్వ చెప్పినదట. అది కూడ వ్రాయుమంటిమి.